మా తాత పెట్టె

మార్గశిర మాసమున అరకులోయలోని మెట్టచేలు వలిసెపూలతో పసుపుపచ్చగా నుండును. పగటి యెండ హాయిగనే యుండును గాని, ప్రొద్దు గ్రుంకినది మొదలు చలి యెముకలను పట్టుకొనును. అచ్చటి యొక ఆశ్రమ పాఠశాలలో నేను కొన్ని సంవత్సరములు ఉపాధ్యాయుడనుగా నుంటిని. భగతలు, కోటియాలు, కొండదొరలు, పొర్జాలు, గదబలు, వాల్మీకులు మొదలైన తెగల పిల్లలు మా బడిలో చదువుచుండిరి. తరగతిలో తెలుగు మాటలాడినను, తమలో తాము చాలవరకు కొండ ఒడియాలోనే ముచ్చటించుకొనుచుండిరి. రాత్రి భోజనములైన పిదప పెరటిలో నెగడు వేసికొని, దుప్పట్లు కప్పుకొని, కథలు చెప్పుకొనుట మా కందరకు నలవాటు.

డిసెంబరు నెలలో నొకనాటి రాత్రి ప్రక్క గ్రామపు చర్చిపై కాగితపు నక్షత్రము వెలిగినది. దానిని చూచి యొక బాలుడు, "మాస్టారూ, క్రిస్మసు కథ యేదైన చెప్పరా?" యని యడిగెను. బైబిలు కథలు నాకంటె వారిలో కొందరికే బాగుగ తెలియును. అందుచేత నేను చార్లెస్ డికెన్సు వ్రాసిన స్క్రూజు కథను మొదలుపెట్టితిని. ఆ కథ నన్ను చిక్కులో పెట్టునని అప్పుడు నాకు తోచలేదు.

డికెన్సు ఈ చిన్న పుస్తకమును 1843లో సుమారు ఆరు వారములలో వ్రాసి ముగించెను. డిసెంబరు 19వ తేదీన అది లండనులో వెలువడెను. పండుగ ముందునాటికి ఆరువేల ప్రతులు చెల్లిపోయెను. అందలి ఎబెనీజర్ స్క్రూజు ఒక వడ్డీవ్యాపారి. మన పెద్దల మాటలో చెప్పవలెనన్న, ఎంగిలిచేతితో కాకిని తోలనివాడు. బొగ్గుల పెట్టెను తన గదిలోనే పెట్టుకొని, గుమాస్తా చలికి వడకుచున్నను చూడనట్లుండును. ఆ గుమాస్తా పేరు బాబ్ క్రాచిట్. వారమునకు పదునైదు షిల్లింగుల జీతముతో పెద్ద సంసారము నీదుచుండును. వాని కొడుకు టిమ్ అను చిన్నవాడు కుంటివాడు, రోగిష్ఠి.

పండుగ ముందునాటి రాత్రి, ఏడేండ్ల క్రిందట మరణించిన మార్లీ యను భాగస్వామి దయ్యమై స్క్రూజు గదిలోనికి వచ్చును. వాని నడుమునకు తోకవలె పొడవైన గొలుసు చుట్టుకొని యుండును. డబ్బుపెట్టెలు, తాళపుచెవులు, తాళపుకప్పలు, ఆవర్జాలు, దస్తావేజులు, ఉక్కుతో చేసిన సంచులు, ఇవన్నియు గ్రుచ్చిన గొలుసది. బ్రతికియున్న నాళ్లలో లంకె వెంట లంకెగా తానే దానిని చేసికొంటినని వాడు చెప్పుకొనును. వాని వెనుక మూడు భూతములు వచ్చును. మొదటిది స్క్రూజుకు వాని బాల్యమును, యౌవనమును చూపును. రెండవది ఆ సంవత్సరపు పండుగనాడు బాబ్ ఇంటనున్న పేదరికమును, ప్రేమను చూపును. మూడవది మాటలాడదు. వ్రేలితో చూపించుటయే దాని పని. అది చూపినవి స్క్రూజు చావు, చిన్ని టిమ్ చావు. తెల్లవారులేచిన స్క్రూజు క్రొత్త మనుష్యుడు. బాబ్ ఇంటికి పెద్ద సీమకోడిని పంపును. జీతము పెంచును. టిమ్ బ్రతుకును.

దయ్యములు వచ్చునప్పుడు పిల్లలు జడిసికొందురని నేననుకొంటిని. ఎవ్వరును జడియలేదు. చనిపోయినవారి జీవుని ఆ కొండలలో కొందరు డుమా యందురు. వారి తలంపున డుమా మరల మరల ఇంటికి వచ్చుచునే యుండును. దానికి పెట్టవలసినది పెట్టనిచో అలుగును, పెట్టినచో ఊరకుండును. అందుచేత మార్లీ వచ్చుట వారికి వింతగా తోచలేదు. "పాపము, ఏడేండ్ల దాక వానికి ఎవ్వరు నేమియు పెట్టలేదా?" యని యొక గదబ బాలుడు జాలిపడెను.

వారిని పట్టినది వేరొక ఘట్టము. మూడవ భూతము స్క్రూజుకు పేద ఆలుమగల నొక జంటను చూపును. వారు స్క్రూజుకు బాకీపడినవారు. గడువు దాటిపోవుచున్నది. వాడు చనిపోయెనని వినగానే వారి గుండెలమీది బండ దిగిపోవును. సంతోషింప కూడదని తెలిసియు వారు సంతోషింతురు. ఆ చావు విని యెవరి మనసైన కదలినదా యని స్క్రూజు అడిగినందుకు భూతము చూపిన సమాధానమది. డికెన్సు రచనలో ఇంతకంటె కరకైన చోటు నేనెరుగను.

కథ ముగిసినది. పిల్లలు లేచుచుండిరి. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మాత్రము నెగడు కడనే కూర్చుండి, "ఆ మొగుడు పెండ్లాల అప్పు ఏమయినది, మాస్టారూ?" అని యడిగెను.

"స్క్రూజు మంచివాడయ్యెను గదా! మాఫీ చేసియుండును."

"పుస్తకములో నున్నదా?"

ఉన్నదనియే నా నమ్మకము. అయినను గదికి పోయి, లాంతరు ముందు పెట్టుకొని చివరి ప్రకరణమంతయు రెండు మారులు చదివితిని. సీమకోడి యున్నది. ధర్మకార్యమునకు వాగ్దానము చేసిన పెద్ద మొత్త మున్నది. మేనల్లుని యింట విందున్నది. జీతపు పెంపున్నది. ఆ యాలుమగల ప్రసక్తి లేదు. మరునాటి యుదయమున ఆ మాట ఆ బాలికకు చెప్పితిని. ఆమె ఆశ్చర్యపడలేదు, ముందే తెలిసినదానివలె తల యూపెను. పిమ్మట మెల్లగా, "మా తాత ఒక షావుకారు నింట నాలుగేండ్లు గోతి యుండెనట" యనెను.

గోతి యనగా నేమో మీకు చెప్పవలెను. పెండ్లికో, జబ్బుకో, జరిమానాకో కొండవాడు కొద్దిపాటి సొమ్ము అప్పు పుచ్చుకొనును. తీర్చుటకు వేరు దారి లేక, తీరువరకు షావుకారు నింటనో పొలములోనో వెట్టిచాకిరి చేయును. చాకిరి వడ్డీక్రింద పోవును. అసలు అట్లే నిలుచును. ఒక్కొక్కప్పుడు తండ్రి చేయలేని పనికి కొడుకు వచ్చి చేరును. ఇది కొండలలోని మాట. తెలుగువాని చెవికి గొయ్యి యనిపించినచో అందులో తప్పేమియు లేదు.

ఆ బాలిక నన్ను నిందింపలేదు. నన్ను గూర్చి ఆమెకు తెలియదు. ఆ బడిలో నెవ్వరికిని తెలియదు. మా తాతయు కొండ షావుకారే.

మా ఊరు శృంగవరపుకోట ప్రక్కన కలదు. మా తాత పడుచుదనమున పెరికెడ్లపై ఉప్పు, బట్టలు, పొగాకు వేసికొని అనంతగిరి మీదుగా కొండ సంతలకు పోయెడివాడు. తిరిగివచ్చునప్పుడు చింతపండు, ఆవాలు, పసుపు, వలిసెలు తెచ్చెడివాడు. వానాకాలమున కొండయిండ్లలో గింజలు నిండుకొనును. అప్పుడే ఆయన అప్పులిచ్చుట. ధాన్యమిచ్చి ధాన్యముగానే వడ్డీతో కొలిపించుకొనుటను నాగు అందురు. కొలిచి యిచ్చు కుంచమొకటి, కొలిచి పుచ్చుకొను కుంచమొకటి ఆయన కడ నుండెడివని మా మామ్మ నవ్వుచు చెప్పెడిది. నేనును నవ్వెడివాడను. బాల్యమున నాకది తెలివిగనే తోచినది.

తన విషయములోను ఆయన అంతే. రాత్రిపూట ఎవరైన మాటలాడుటకు వచ్చినచో, "మాటలకు దీప మెందులకు?" అని వత్తి తగ్గించెడివాడు. చెప్పులు అరుగునని ఊరు దాటువరకు చేత పట్టుకొని నడచెడివాడు. ఆయన పిసినితనము మా ఊరిలో సామెత వంటిది. కాని నాకు మాత్రము జేబులోనుండి బెల్లపుముక్క తీసి పెట్టెడివాడు. ఈ సంగతి వ్రాయక విడిచినచో నేను ఆయనకు అన్యాయము చేసినవాడనగుదును.

ఆయన యట్లేల యయ్యెనో పెద్దవాడనైన పిదప కొంత తెలిసికొంటిని. ఆయన పదియేండ్ల వాడుగా నున్నప్పుడు తండ్రి భూమి అప్పుక్రింద వేలమయ్యెనట. తప్పెట కొట్టుచు వేలము పాడుటను ఆయన అరుగుమీదనుండి చూచెనట. డికెన్సు కథయు ఇట్టిదే. ఆయన తండ్రి జాన్ డికెన్సు 1824లో అప్పు తీర్చలేక లండనులోని మార్షల్సీ జైలులో పడెను. పండ్రెండేండ్ల చార్లెస్, బూటు నలుపు తయారుచేయు కర్మాగారములో సీసాలకు కాగితములంటించుచు పొట్టపోసికొనెను. లేమిని చూచి భయపడిన బాలు డొకడు స్క్రూజు కథ వ్రాసెను. మరియొకడు స్క్రూజే అయ్యెను. కథలో స్క్రూజును ప్రేమించిన యువతి కూడ, లోకమునకు మితిమీరి భయపడుటయే అతని జబ్బని చెప్పి విడిచిపోవును. పిసినివానిని చూచి నవ్వుట సులభము. వాడు దేనికి భయపడుచున్నాడో చూచుట కష్టము. అయితే భయపడినవాని కుంచము క్రింద నలిగినవాడు ఆ భయమును చూచి యేమి చేయవలెను? ఈ ప్రశ్నకు నా కడ సమాధానము లేదు.

మా తాత చివరి రాత్రులలో తలుపు కడ నెవరో నిలిచియున్నారని పలుమారు లేచి కూర్చుండెడివాడు. మార్లీ వచ్చెనేమో! ఒకనాడు తెల్లవారుజామున మా తండ్రిని పిలిచి, పెట్టె తెరిపించి, ఆవర్జా చదివించెను. బాకీలు రద్దు చేయుటకే యని మా మామ్మ ఆశపడెను. చదువుట ముగిసిన తరువాత ఆయన, "రెండు పద్దులలో వడ్డీ వేయుట మరచితివి" అనెను. ఆ వారముననే పోయెను.

ఆ పెట్టె మా తండ్రి తరువాత నాకు వచ్చినది. ఆ బాలిక ప్రశ్న యడిగిన నెలలోనే సెలవునకు ఇంటికి పోయి దానిని తెరచితిని. ఆవర్జాను బడికి తెచ్చి, రాత్రులు చదువ మొదలిడితిని. ఆ చదువులో కొండప్రాంతపు చట్టములను కూడ వెదకి చూచితిని. 1917లోనే మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతములకొక చట్టము చేసినది. దాని ప్రకారము కొండతెగలవారి అప్పులపై వడ్డీ నూటికి ఏడాదికి 24 మించరాదు, చక్రవడ్డీ కూడదు, మొత్తము వడ్డీ అసలును మించరాదు. వారి భూమిని అనుమతి లేక ఇతరులు కొనరాదు. గోతి పద్ధతిని తొలగించుటకు 1940లో వేరొక నిబంధన వచ్చినది. గిరిజనుల సరకు కొనుటకు 1956లో విశాఖపట్టణము కేంద్రముగా సహకార సంస్థ వెలసినది. షావుకారులు అనుమతిపత్రము లేనిదే అప్పులియ్యరాదని 1960లోను, పాత అప్పులనుండి విముక్తి కలిగింపవలెనని 1970లోను నిబంధనలయ్యెను. 1976లో దేశమంతట వెట్టిచాకిరి రద్దయ్యెను. ఒకే రోగమునకు ఇన్ని మందులు వ్రాసినారనగా, మొదటి మందు రోగిని చేరలేదనియే యర్థము. మా తాత ఆవర్జాలోని పద్దులన్నియు 1917 తరువాతివే.

అందు నుండి యొక పద్దును, పేరు ఊరు తీసివేసి, లెక్కల గంటలో నల్లబల్లపై వ్రాసితిని. అసలు 12 రూపాయలు. తొమ్మిదేండ్లలో చింతపండుగను, ఆవాలుగను, కూలిగను జమపడినది 31 రూపాయలు. ఇంకను రావలసినది 12 రూపాయలు. "చట్టము ప్రకారము బాకీ యెంత?" యని యడిగితిని. పిల్లలు బారువడ్డీ కట్టిరి. ఏడాదికి 2 రూపాయల 88 పైసలు. తొమ్మిదేండ్లకు దాదాపు 26 రూపాయలు. కాని వడ్డీ అసలును మించరాదు గనుక 12 రూపాయలే. అసలుతో చేర్చి 24. తొందరగా లెక్క తేల్చిన బాలుడొకడు పలక యెత్తిపట్టి, "మాస్టారూ, షావుకారే ఏడు రూపాయలు బాకీ!" యని కేక వేసెను. తరగతి యంతయు గొల్లుమని నవ్వినది. అప్పుడు నేను, ఈ షావుకారు మా తాతయని చెప్పితిని. నవ్వు ఆగినది. గంట కొట్టువరకు ఎవ్వరును మాటలాడలేదు.

ఆ కాలముననే నేను గోపీనాథ మహంతి ఒడియా భాషలో వ్రాసిన 'పరజా' నవలను చదివితిని. అది 1945 నాటిది. మా అరకును ఆనుకొనియున్న కొరాపుట్టు కొండలే దాని రంగస్థలము. సుక్రు జాని యను పొర్జా రైతు జరిమానా కట్టుటకై షావుకారు కడ అప్పు పుచ్చుకొని, కొడుకుతో సహా గోతి యగును. భూమియు పోవును. ఆ షావుకారునకు ఏ భూతమును కనబడదు. వాని మనసు మారదు. చివరకు తండ్రికొడుకుల గొడ్డలికి వాడు బలియగును. స్క్రూజు కథ చదివి కన్నీరు పెట్టుకొన్న నేను, ఈ పుస్తకము మూసిన రాత్రి నిద్రపోలేదు. ఒకటి షావుకారు కలగన్న కథ, వేరొకటి బాకీదారుడు మేలుకొనియున్న కథ యని నాకు తోచెను. మా తరగతిలోని ఆ బాలిక రెండవ కథనుండి వచ్చి మొదటి కథను వినినది. అందుచేతనే ఆ ప్రశ్న ఆమెకు పుట్టినది, నాకు పుట్టలేదు.

పెట్టె అడుగున పాతగుడ్డలో చుట్టిన వెండికంటె యొకటి దొరకినది. కొండ స్త్రీలు మెడకు పెట్టుకొను బరువైన కంటె. దానికి కట్టిన చీటిలో నొక ఊరిపేరును, "ముసలిది, కుదువ, 8 రూపాయలు" అను మాటలును మాత్రమే యుండెను. నోట్లు కాలదోషము పట్టి చెత్తకాగితములైనవి. కంటెకు కాలదోషము లేదు. నల్లబడినది గాని, చింతపండుతో తోమగానే తెల్లగా మెరసినది.

ఆ బాలిక మేనత్తను ఆ ఊరికి దగ్గరి పల్లెలో ఇచ్చిరట. క్రిస్మసు సెలవులలో ఆమె తండ్రియు, ఆమెయు నాకు తోడు వచ్చిరి. బస్సు దిగి రెండు కోసులు నడచితిమి. దారి పొడవున వలిసెచేలు, ఎండలో ఆరవేసిన కొండచీపుళ్లు. ఊరి నడుమ పెద్దలు కూర్చుండు రాతితిన్నె యున్నది. అందు కూర్చుండి నేను సంగతి చెప్పితిని. బాలిక దానిని వారి మాటలోనికి మార్చెను. మా తాత సంగతి దాచలేదు. కుంచముల సంగతియు దాచలేదు.

కంటె చేతులు మారుచు తిన్నె చుట్టు తిరిగినది. దానిమీది గీతలను వ్రేళ్లతో తడవి చూచిరి. ఎవరిదో ఎవ్వరికిని తెలియలేదు. "మా ముసలమ్మ లందరును ఇట్టివి పెట్టుకొన్నవారే" యని యొక పెద్ద అనెను. కొందరు చాలకాలము క్రిందటనే ఊరు విడిచి పోయిరని మరియొకడు చెప్పెను. ఊరికంతకు పనికివచ్చునట్లు దాని వెలకట్టి యిచ్చెదనని నేనంటిని. ఆ మాటకు ఎవ్వరును బదులు చెప్పలేదు. అది చెప్పకుండిన బాగుండెడిదని నా కిప్పటికిని అనిపించును.

కడకది యొక వృద్ధురాలి చేతికి వచ్చినది. ఆమె చూపు సన్నగిలినది. కంటెను అరచేతిలో పెట్టుకొని బరువు చూచి, నా వంక తిరిగి ఏదియో అనెను. తిన్నెమీది వారందరును నవ్విరి. బాలిక నవ్వలేదు, నాకు చెప్పుటకు సంకోచించెను.

"ఏమన్నది, చెప్పు."

"ఇన్నేండ్లకు దీనిమీద వడ్డీ ఎంతయినదో లెక్క కట్టి తెచ్చితివా, బాబూ, అని యడుగుచున్నది."

ఆ వడ్డీ తాము నాకియ్యవలసినదో, నేను తమకియ్యవలసినదో ఆమె చెప్పలేదు. నేనడుగలేదు. ఆమె ఆ కంటెను తన ప్రక్కనున్న మూడేండ్ల మనుమరాలి మెడకు తగిలించెను. అది పెద్దదగుటచేత పిల్ల భుజములమీదికి జారి నిలిచినది. పిల్ల దానిని రెండు చేతులతో పట్టుకొని ఇంటిలోనికి పరుగెత్తినది.

తరువాత వారు మాకు డొప్పలలో చోడి యంబలి పోసిరి. త్రాగి, ప్రొద్దు వాలకముందే కొండ దిగితిమి.